బీప్ వినండి, ఎస్ నొక్కండి: చూపు లేనివారికి డెబియన్ 13 మాట్లాడే ఇన్‌స్టాలర్ ఎలా ఉంది?

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని లాప్‌టాప్ ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఇంకొన్నేళ్లు పనికొస్తుంది. డెబియన్ దాంట్లో ఒక రకం (డిస్ట్రో). విజయవాడలో ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట వైపు వెళ్లినా, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేటల్లో అడిగినా కంప్యూటర్ షాపులో వినిపించే మాట ఒకటే: ‘‘ఇచ్చి వెళ్లండి, సాయంత్రానికి ఫార్మాట్ కొట్టి ఉంచుతాం.’’ చూపు లేని మనిషికి సాయంత్రం చేతికొచ్చే ఆ లాప్‌టాప్ చాలాసార్లు మూగగా ఉంటుంది. తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి ఉండదు, సౌండ్ ఎటు పోతోందో తెలియదు, పాస్‌వర్డ్ షాపు కుర్రాడు పెట్టిందే. అందుకే ఈ సమీక్షలో తేల్చుకోవాల్సింది ఒకటే. పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి లాగిన్ అయ్యేదాకా, పక్కన కళ్లున్నవారి సాయం లేకుండా డెబియన్ 13ని ఎక్కించుకోవచ్చా?

ఎక్కించుకోవచ్చు, ఒక్క మెట్టు మినహా. ఆ మెట్టు దగ్గర ఇరుక్కోవడానికి కారణం లాప్‌టాప్ తయారుచేసినవాళ్లు, డెబియన్‌వాళ్ల తప్పు అందులో లేదు. దాన్ని ముందుగానే దాటే ఉపాయం కూడా ఉంది. మిగతా ఇన్‌స్టాలేషన్ అంతా వింటూ, నంబర్లు కొడుతూ పూర్తిచేయొచ్చు. ఇంత నిబ్బరంగా మొదటినుంచి చివరిదాకా మాట్లాడే ఇన్‌స్టాలర్ మాకు తెలిసిన డిస్ట్రోల్లో ఇదే.

ఇది కొత్తగా తగిలించిన సౌకర్యం కాదు. 2013లో వచ్చిన డెబియన్ 7 నాటికే ఇన్‌స్టాలర్‌కి గొంతు ఉంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12తో ఇంకో పెద్ద మార్పు జరిగింది. అప్పటిదాకా వేరుగా తెచ్చుకోవాల్సిన ఫర్మ్‌వేర్ ఫైళ్లని (హార్డ్‌వేర్ పనిచేయడానికి కావాల్సిన చిన్న ప్రోగ్రాంలు) అధికారిక ఐఎస్ఓలోనే, అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడానికి దించుకునే ఫైలులోనే, పెట్టడం మొదలుపెట్టారు. చూపున్నవాళ్లకి అది వైఫై సంగతిగా కనిపిస్తుంది. మనకి అంతకంటే ముఖ్యం, ఎందుకంటే ఇటీవలి ఇంటెల్ లాప్‌టాప్‌లు చాలావాటిలో సౌండ్ కార్డు పనిచేయాలన్నా ఫర్మ్‌వేర్ కావాలి. సౌండ్ లేకపోతే ఇన్‌స్టాలర్ ఎంత బాగా మాట్లాడినా మనకి చేరదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఇదే దారిలో ఉంది. ఒక్క హెచ్చరిక: 32 బిట్ మెషీన్లకి డెబియన్ 13లో ఇన్‌స్టాలర్ లేదు. అంత పాత లాప్‌టాప్ అయితే డెబియన్ 12తో సరిపెట్టుకోవాలి.

ముందు సరంజామా. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి. 3.5 ఎంఎం జాక్‌లో పెట్టుకునే వైరు ఇయర్‌ఫోన్స్. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఇక్కడ పనికిరావు. కొన్ని వందల రూపాయలకి దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి, లాప్‌టాప్ సొంత సౌండ్ మొరాయిస్తే పనికొస్తుంది. నెట్ కోసం ఆండ్రాయిడ్ ఫోన్, దాని డేటా కేబుల్. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి, వాటితో టెథరింగ్, అంటే ఫోన్ నెట్‌ని లాప్‌టాప్‌కి ఇవ్వడం, జరగదు. మధ్యలో కరెంటు పోయినా పని ఆగకుండా లాప్‌టాప్ బ్యాటరీ కనీసం గంట నిలవాలి. లేకపోతే ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గులో పెట్టుకోండి.

ఐఎస్ఓ ఫైళ్లు రెండు రకాలు. నెట్ఇన్‌స్ట్ అనేది 800 ఎంబీ లోపే ఉంటుంది, మిగతాదంతా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటుంది. డీవీడీ-1 అనేది నాలుగు జీబీకి అటూ ఇటూ ఉంటుంది, డెస్క్‌టాప్ దాంట్లోనే వచ్చేస్తుంది. ఫైలు పేరులో ఏఎండీ64 అని వినగానే ‘‘మాది ఇంటెల్ కదా’’ అని కంగారు పడకండి. 64 బిట్ ఇంటెల్ ప్రాసెసర్లకీ అదే ఫైలు.

ఏది దించుకోవాలన్నది మీ నెట్‌ని బట్టి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే నెట్ఇన్‌స్ట్ చాలు. ఫోన్ డేటా మీదే ఆధారపడితే రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాన్‌తో నెట్ఇన్‌స్ట్ మొదలుపెట్టొద్దు. డెస్క్‌టాప్ ప్యాకేజీలకే ఒక జీబీ దాటుతుంది. కోటా మధ్యలో అయిపోతే వేగం పాతాళానికి పడిపోతుంది, ఇన్‌స్టాలర్ నిశ్శబ్దంగా కూర్చుంటుంది. చూపున్నవాడు నత్తనడక నడుస్తున్న గీతని చూసి అర్థం చేసుకుంటాడు, మనకి ఆగిపోయిందో నడుస్తోందో తెలియదు. డీవీడీ-1ని స్నేహితుల ఇంట్లో దించుకుని తెచ్చుకోవడం మేలు. హాస్టల్ వైఫైలో బ్రౌజర్ తెరిచి లాగిన్ కావాల్సి ఉంటే అది ఇన్‌స్టాలర్‌లో పనికిరాదు, అక్కడ బ్రౌజర్ ఉండదు.

దించుకున్న ఫైలు చెడిపోలేదని తేల్చుకోవడానికి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ (certutil) అనే ఆదేశం ఉంది. సర్ట్‌యుటిల్, హైఫన్ హ్యాష్‌ఫైల్, ఐఎస్ఓ పేరు, ఎస్‌హెచ్ఏ256 అన్నవి మధ్యలో ఖాళీలిస్తూ వరసగా కొడితే ఫైలుకి వేలిముద్ర లాంటి 64 అక్షరాల హ్యాష్ వస్తుంది. దాన్ని అక్షరం అక్షరం వింటూ పోల్చుకోవడం నరకం. హ్యాష్‌ని కాపీ చేసుకుని, ఐఎస్ఓతో పాటు డెబియన్ సైటులో ఉండే ఎస్‌హెచ్ఏ256సమ్స్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కంట్రోల్ ఎఫ్ కొట్టి అతికించండి. దొరికితే ఫైలు మంచిది, ‘‘దొరకలేదు’’ అంటే మళ్లీ దించుకోవాలి.

పెన్‌డ్రైవ్‌కి ఎక్కించడానికి, విండోస్ స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏతో వింటూ రూఫస్ అనే ప్రోగ్రాం వాడితే సరిపోతుంది. ట్యాబ్ కొడుతూ పెన్‌డ్రైవ్ సరైనదేనా అని సైజు విని చూసుకోండి, ఐఎస్ఓని ఎంచుకుని స్టార్ట్ నొక్కండి. ఐఎస్ఓహైబ్రిడ్ అంటూ ఒక డైలాగ్ వస్తుంది. అందులో డీడీ ఇమేజ్ మోడ్‌ని ఎంచుకోవాలి. పని పూర్తయ్యాక ఒక ఉచ్చు ఉంది. ఈ పెన్‌డ్రైవ్‌ని చదవలేక విండోస్ ‘‘డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి’’ అని అడగొచ్చు. అలవాటు కొద్దీ ఎంటర్ కొట్టారా, చేసిందంతా మళ్లీ మొదటికి. ఆ డైలాగ్‌ని ఎస్కేప్‌తో మూసేసి పెన్‌డ్రైవ్ తీసేయండి.

ఇప్పుడు ఆ మూగ మెట్టు. లాప్‌టాప్ ఆన్ చేసి, హార్డ్‌డిస్క్ నుంచి కాకుండా పెన్‌డ్రైవ్ నుంచి లేవమని చెప్పాలి. ఆ బూట్ మెనూ మామూలుగా ఏ లాప్‌టాప్‌లోనూ మాట్లాడదు. డెల్, లెనోవో థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసూస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్ మీద ఆ మెనూ వస్తుంది. ఏసర్‌లోనూ ఎఫ్12యే, కానీ చాలా మోడళ్లలో బయోస్‌లోకి, అంటే లాప్‌టాప్ సొంత సెట్టింగుల తెరలోకి, వెళ్లి దాన్ని ముందు ఆన్ చేయాలి. మెనూ వచ్చాక ఎన్నోది పెన్‌డ్రైవో తెలియదు, బాణం కీ ఎన్నిసార్లు నొక్కాలో లెక్క ఉండదు.

దీనికి మేం గట్టిగా చెప్పే మందు ఒకటుంది. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేటప్పుడే, డబ్బులివ్వకముందే, షాపులో బయోస్ తెరిపించి బూట్ ఆర్డర్‌లో యూఎస్‌బీని మొదటి స్థానంలో పెట్టించండి. అది ఒకసారి పెడితే మామూలుగా నిలిచి ఉండే సెట్టింగు. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే దాన్నుంచి లేస్తుంది, తీసేసి ఆన్ చేస్తే హార్డ్‌డిస్క్ నుంచి లేస్తుంది. రెండు నిమిషాల పని, ఏళ్ల తరబడి ఇంకొకరిని అడిగే అవసరం తప్పిస్తుంది. బయోస్ తెరిచినప్పుడే ఇంకో రెండు చూపించుకోండి. డిస్క్‌ని కలిపే పద్ధతి చెప్పే సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాలి. ఇంటెల్ రెయిడ్ మోడ్‌లో ఉంటే ఇన్‌స్టాలర్‌కి ఎస్ఎస్‌డీ కనిపించకపోవచ్చు. రెండోది, బయోస్‌కి పాస్‌వర్డ్ ఉండకూడదు. కంపెనీలు వాడి వదిలేసిన లాటిట్యూడ్, ఎలైట్‌బుక్, థింక్‌ప్యాడ్‌లకి అప్పుడప్పుడు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అలాగే మిగిలిపోతుంది, తర్వాత తీయించడం తలనొప్పి. సంతకం ఉన్న సిస్టమ్‌లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌ని మాత్రం ఆపించక్కర్లేదు. డెబియన్ 10 నుంచి అది ఆన్‌లో ఉన్నా పనిచేస్తుంది.

లాప్‌టాప్ ఇప్పటికే మీ దగ్గరుండి, విండోస్ నడుస్తుంటే ఇంకో దారి ఉంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొడితే నీలం రంగు రికవరీ మెనూ వస్తుంది, అందులో ‘‘యూజ్ ఎ డివైస్’’ అనే ఎంపిక ఉంటుంది. అక్కడ కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే కొన్ని మెషీన్లలో విండోస్ సొంత స్క్రీన్ రీడర్ నెరేటర్ మాట్లాడుతుంది. మాట్లాడకపోతే ఫోన్‌లో గూగుల్ లుకౌట్ యాప్‌తో స్క్రీన్ మీది అక్షరాలు చదివించుకోవచ్చు, లేదా చూపున్న వాలంటీర్లు సాయం చేసే బీ మై ఐస్‌లో వీడియో కాల్ చేసి అడగొచ్చు. ఇంట్లోవాళ్లకి వాట్సాప్ వీడియో కాల్ చేసినా పని జరుగుతుంది. ఈ ఒక్క మెట్టుకే అడుగుతున్నాం కాబట్టి రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

పెన్‌డ్రైవ్ నుంచి లేచాక డెబియన్ మెనూ బీప్ కొడుతుంది. ఒక్కసారి కొడితే పాత బయోస్ పద్ధతి, రెండుసార్లు కొడితే కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ. బీప్ వినగానే ఎస్ కొట్టి ఎంటర్ నొక్కండి. బీప్ కొట్టే చిన్న స్పీకర్ లేని లాప్‌టాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి, కాబట్టి బీప్ రాలేదని బెంగపడొద్దు. ఈ ఇన్‌స్టాలర్‌లో మాకు అన్నిటికంటే నచ్చింది ఇక్కడే ఉంది: ఏ కీ నొక్కకుండా 30 సెకన్లు ఊరుకుంటే అదే మాట్లాడే ఇన్‌స్టాలేషన్ మొదలుపెడుతుంది. మెనూ ముందు కూర్చున్న మనిషికి అది కనిపిస్తోందన్న నమ్మకం లేకుండా రాసిన ప్రోగ్రాం ఇది. అందుకే అనుమానంతో బాణం కీలు నొక్కొద్దు. నొక్కితే ఆ లెక్కింపు ఆగిపోతుంది.

ఆ తర్వాత కాసేపు నిశ్శబ్దం. పాత మెషీన్లలో నిమిషం దాకా పట్టొచ్చు. ఒకటికి మించి సౌండ్ కార్డులు ఉంటే ఒక్కోదాంట్లో ఒక్కోసారి మాట్లాడి, వినిపిస్తే ఎంటర్ నొక్కమంటుంది. టీవీకి పెట్టే హెచ్‌డీఎంఐ పోర్టు కూడా దాని దృష్టిలో సౌండ్ కార్డే. ముందు దాంట్లో మాట్లాడితే మీకేమీ వినిపించదు. తొందరపడి ఎంటర్ కొట్టేశారో, ఇన్‌స్టాలర్ ఆ హెచ్‌డీఎంఐలోనే గొంతు ఖాయం చేసుకుంటుంది. మిగతా కథంతా ఎవరికీ వినబడకుండా సాగిపోతుంది. గొంతు చెవిన పడేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండాలి. రెండు నిమిషాలైనా ఏమీ లేకపోతే పవర్ ఆపి, యూఎస్‌బీ సౌండ్ కార్డు తగిలించి మళ్లీ మొదలుపెట్టండి. బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. యూఎస్‌బీ డిస్‌ప్లేని ఆన్ చేయకముందే తగిలించి ఉంచితే ఇన్‌స్టాలర్ తనంతట తానే గుర్తుపడుతుంది.

వినిపించేది ఈస్పీక్ అనే ఉచిత స్పీచ్ ప్రోగ్రాం గొంతు. ఎన్‌వీడీఏ వాడేవాళ్లకి కొత్త కాదు. మొదట్లో బాగా నెమ్మదిగా చదువుతుంది. క్యాప్స్‌లాక్ పట్టుకుని 6 కొడితే వేగం పెరుగుతుంది, 5 కొడితే తగ్గుతుంది. అలాగే 2తో శబ్దం పెరుగుతుంది, 1తో తగ్గుతుంది. మాట మధ్యలో ఆపాలంటే కంట్రోల్. చదివిన వరసని మళ్లీ వినాలంటే క్యాప్స్‌లాక్ పట్టుకుని ఐ, దాని ముందు వరసకి యూ, తర్వాతి వరసకి ఓ. పక్కన నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డ్‌లో అదే పని 8, 7, 9 చేస్తాయి.

ప్రశ్నలన్నీ ఒకే తీరులో ఉంటాయి. ఎంపికల్ని నంబర్లతో చదువుతుంది, మనకి కావాల్సిన నంబరు కొట్టి ఎంటర్ నొక్కాలి. ఉత్త ఎంటర్ కొడితే అది సూచించిన జవాబు ఖాయం. ఖాళీ జవాబు ఇవ్వాలంటే ఆశ్చర్యార్థకం, అంటే షిఫ్ట్ పట్టుకుని 1. వెనక ప్రశ్నకి వెళ్లాలంటే లెస్ దేన్ గుర్తు, అంటే షిఫ్ట్ పట్టుకుని కామా. ప్రశ్న గుర్తు కొడితే సహాయం చదువుతుంది. ఈ నాలుగు తెలిస్తే చాలు. ఎవరో రాసిచ్చిన ‘‘ఇక్కడ 3 కొట్టు, అక్కడ 14 కొట్టు’’ లాంటి చీటీలు నమ్మొద్దు. వెర్షన్ మారినా మెషీన్ మారినా ఆ నంబర్లు మారతాయి.

భాష దగ్గర మొదటి నిరాశ ఎదురవుతుంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌కి తెలుగు అనువాదం ఉంది, కానీ అది బొమ్మల ఇన్‌స్టాలర్‌లో మాత్రమే. మాట్లాడే పద్ధతి అక్షరాల తెర మీద నడుస్తుంది, ఆ తెర మీద తెలుగు లిపి రాదు. కాబట్టి ఇంగ్లిష్‌కి ఎంటర్ కొట్టి ముందుకెళ్లాల్సిందే. ఇంగ్లిష్ వినడం అలవాటు లేని తెలుగు మీడియం పిల్లలకి ఇది నిజంగా అడ్డంకే. ఈస్పీక్‌కి తెలుగు గొంతు ఉండి కూడా ఇన్‌స్టాలర్ తెలుగులో చదవలేకపోవడం మాకు బాధ కలిగించే లోటు. దేశం దగ్గర ఇండియా నంబరు కొడితే సమయం కోల్‌కతా జోన్‌కి దానంతటదే కుదురుతుంది. కీబోర్డ్ అమెరికన్ ఇంగ్లిష్ ఉంచండి. మన షాపుల్లో దొరికే లాప్‌టాప్ కీబోర్డులు మామూలుగా ఆ అమరికే.

నెట్ కోసం ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి, ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌తో సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. భాష, కీబోర్డ్ ప్రశ్నల సమయంలోనే చేసేయాలి. నెట్ కార్డులు వెతికే దశకి ముందే ఫోన్ సిద్ధంగా ఉంటే దాన్ని మామూలు వైరు నెట్ లాగా పట్టుకుంటుంది, వైఫై పాస్‌వర్డ్ కొట్టే బాధ ఉండదు.

పాస్‌వర్డ్‌లు కొట్టేటప్పుడు ఒక్క అక్షరమూ వినిపించదు. అది భద్రత కోసం, పాడైపోలేదు. రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ దగ్గర ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే రూట్ ఖాతా మూసేసి, తర్వాత మీరు సృష్టించే యూజర్‌కి సుడో అధికారం, అంటే అవసరమైనప్పుడు రూట్ పనులు చేసే వీలు, ఇస్తుంది. ఒంటరిగా వాడుకునేవాళ్లకి అదే తేలిక. యూజర్ పాస్‌వర్డ్‌లో ఇప్పటికి పెద్దక్షరాలు లేకుండా చూసుకోండి. ఇక్కడ క్యాప్స్‌లాక్ గొంతు సర్దే కీ కూడా కాబట్టి తికమక అవుతుంది. లోపలికి వెళ్లాక మార్చుకోవచ్చు.

డిస్క్ విభజన దగ్గర నిదానం కావాలి. ఇక్కడ చేసిన తప్పుకి దిద్దుబాటు లేదు. విండోస్ వద్దు, మొత్తం డెబియనే అనుకుంటే ‘‘గైడెడ్, యూజ్ ఎంటైర్ డిస్క్’’. తర్వాత ఏ డిస్కో అడుగుతుంది. పెన్‌డ్రైవ్ కూడా ఆ జాబితాలో ఉండొచ్చు. కొత్త లాప్‌టాప్‌ల ఎస్ఎస్‌డీ పేరు ఎన్‌వీఎంఈ అని మొదలవుతుంది, పాతవాటిది ఎస్‌డీఏ అనో ఎస్‌డీబీ అనో ఉంటుంది. పేరు మీద ఆధారపడకండి, జీబీల సంఖ్య వినండి. 256 ఎస్ఎస్‌డీకీ 8 పెన్‌డ్రైవ్‌కీ తేడా చెవికి తప్పదు. తర్వాత ‘‘ఆల్ ఫైల్స్ ఇన్ వన్ పార్టిషన్’’ చాలు. చివరికి ‘‘ఫినిష్ పార్టిషనింగ్’’ ఎంచుకుంటే మార్పులు డిస్కుకి రాయనా అని అడుగుతుంది. ఇంతదాకా ఎంటర్‌లు కొడుతూ వచ్చినవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. ఈ ప్రశ్నకి సూచించిన జవాబు ‘‘నో’’. ఎంటర్ కొడితే మళ్లీ వెనక్కి తీసుకెళ్తుంది, మళ్లీ అదే ప్రశ్న. మెషీన్ పాడైందనుకుని పవర్ ఆపేస్తారు. ‘‘ఎస్’’ (Yes, అవును) అన్న ఎంపిక నంబరు విని దాన్నే కొట్టాలి.

విండోస్ కూడా ఉంచుకోవాలంటే పని ముందే విండోస్‌లో మొదలవ్వాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని కుదించి కనీసం 60 జీబీ ఖాళీ వదలండి. ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. విండోస్ డిస్క్ తాళం బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీని ఫోన్‌లో దాచుకుని, దాన్ని సస్పెండ్ చేయండి. ఇన్‌స్టాలర్‌లో ‘‘యూజ్ ద లార్జెస్ట్ కంటిన్యువస్ ఫ్రీ స్పేస్’’ ఎంచుకుంటే ఆ ఖాళీలోనే కూర్చుంటుంది. అయినా మొదటిసారి చేసేవాళ్లకి ఇది వద్దంటాం. విండోస్ ఉన్న మెషీన్ దాని మానాన ఉండనివ్వండి, డెబియన్‌కి పాత లాప్‌టాప్ ఒకటి కేటాయించుకోండి.

డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ మీద కూడా ఒక మాట. ‘‘ఎన్‌క్రిప్టెడ్ ఎల్‌వీఎం’’ ఎంచుకుంటే ప్రతిసారి ఆన్ చేసినప్పుడు పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. అది సౌండ్ మేల్కొనకముందే జరుగుతుంది, కాబట్టి నిశ్శబ్దంలో అంచనా మీద కొట్టాలి. రోజూ ఒకే మెషీన్ వాడేవాళ్లకి ఎన్ని సెకన్లు ఆగాలో అలవాటవుతుంది. కొత్తవాళ్లకి మాత్రం ‘‘లాప్‌టాప్ లేవట్లేదు’’ అనిపిస్తుంది.

మిర్రర్ (ప్యాకేజీలు దించుకునే సర్వర్) అడిగితే ఇండియా, తర్వాత డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్. సాఫ్ట్‌వేర్ ఎంపిక దగ్గర ఏ డెస్క్‌టాప్ కావాలో అడుగుతుంది. ఏవేవి ఎంపికై ఉన్నాయో గుర్తు విని, సందేహముంటే ప్రశ్న గుర్తు కొట్టి సహాయం విని, అప్పుడే ముందుకెళ్లండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌కి మాటే (MATE) అనే డెస్క్‌టాప్ మా సిఫార్సు. మెనూలు కదలకుండా ఒకచోట ఉంటాయి, బాణం కీలతో ఊహించినట్టే నడుస్తాయి. 8 జీబీ ఉంటే గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ వేసుకోవచ్చు. డెబియన్ 13లో ఉన్నది గ్నోమ్ 48. తెర మీద విండోలు చూపించే వేల్యాండ్ మీద, లినక్స్ స్క్రీన్ రీడర్ ఓర్కా కీలు సరిగా పట్టని పాత ఇబ్బంది ఆ వెర్షన్‌లో బాగా తగ్గింది, క్యాప్స్‌లాక్‌ని ఓర్కా కీగా వాడుకోవచ్చు.

ఇక్కణ్నుంచి ప్యాకేజీలు దిగుతూ ఉంటాయి, శాతాలు చదువుతూ ఉంటుంది. పూర్తయ్యాక పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్. బూట్ ఆర్డర్‌లో యూఎస్‌బీని మొదట పెట్టించుకున్నవాళ్లు పెన్‌డ్రైవ్ తీయడం మరిచిపోతే మళ్లీ ఇన్‌స్టాలర్‌లోకే వెళ్లొచ్చు.

మాటతో ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌కి మాట కూడా దానంతటదే ఎక్కుతుంది. షాపు ఫార్మాట్‌కీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. లాగిన్ దగ్గర మాట రాకపోతే కంగారు వద్దు. మాటేలో యూజర్ పేరు కొట్టి ఎంటర్, పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్. గ్నోమ్‌లో పేరు ఎదురుగానే ఉంటుంది కాబట్టి ఎంటర్, పాస్‌వర్డ్, ఎంటర్. లోపలికి వెళ్లాక గ్నోమ్‌లో ఆల్ట్, విండోస్ కీ, ఎస్ కలిపి నొక్కితే ఓర్కా మాట్లాడుతుంది. మాటేలో ఆల్ట్ ఎఫ్2 కొట్టి ఓర్కా అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్. అప్పటికీ మౌనమే అయితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కొట్టి అక్షరాల తెరకి వెళ్లండి. అక్కడ ఇన్‌స్టాలర్‌లో విన్న గొంతే ఉంటుంది. లాగిన్ అయి ఆల్సామిక్సర్ అనే సౌండ్ ప్రోగ్రాంలో శబ్దం ఆగి ఉందేమో చూసుకోవచ్చు. కొన్ని మెషీన్లలో ఈ అక్షరాల తెర (కన్సోల్) గొంతు, డెస్క్‌టాప్ గొంతు రెండూ ఒకే సౌండ్ కార్డు కోసం పోటీపడతాయి. సుడోతో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఈస్పీకప్ అని కొట్టి కన్సోల్ గొంతుని ఆపితే డెస్క్‌టాప్‌కి దారి వదులుతుంది.

ఎన్‌వీడీఏ నుంచి వచ్చేవాళ్లకి ఓర్కా చేతికి తొందరగానే పట్టుబడుతుంది. ఇన్సర్ట్ ఓర్కా కీ, లాప్‌టాప్ అమరికలో క్యాప్స్‌లాక్. దాంతో స్పేస్ నొక్కితే సెట్టింగ్స్, హెచ్ నొక్కితే ఏ కీ ఏం చేస్తుందో నేర్పే మోడ్. ఫైర్‌ఫాక్స్‌లో హెచ్‌తో హెడ్డింగులు, కే‌తో లింకులు, టీతో పట్టికలు అన్నీ పాత అలవాటే. మారేది ఒకటి: ఫారాలు నింపేటప్పుడు మోడ్ మార్చడానికి ఎన్‌వీడీఏలో ఎన్‌వీడీఏ కీతో స్పేస్ నొక్కుతాం, ఇక్కడ ఓర్కా కీతో ఏ నొక్కాలి.

తెలుగు చదివించుకోవడానికి ఓర్కా సెట్టింగ్స్‌లో వాయిస్ పేజీలో ఈస్పీక్ ఎన్‌జీ తెలుగు గొంతుని ఎంచుకుని, దాన్ని వేరే ప్రొఫైల్‌గా దాచుకోండి. ఉచ్చారణ అర్థమవుతుంది, కానీ ఉత్త యంత్రపు గొంతు. ఫోన్‌లో గూగుల్ తెలుగు గొంతుకి అలవాటుపడ్డ చెవికి మొదటి వారం కష్టంగా ఉంటుంది. దినపత్రిక చదివించుకోవడానికి సరిపోతుంది. నవల వినడానికి మాత్రం ఓపిక కావాలి. టైపింగ్‌కి ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అనే తెలుగు కీబోర్డ్ అమరికలు రెండూ వస్తాయి. బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్లకి అక్షరాల్ని బ్రెయిలీలోకి మార్చే లిబ్‌లూయీలో తెలుగు పట్టిక ఉంది.

మిగతా డిస్ట్రోల మాట క్లుప్తంగా. ఉబుంటు లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే) లేచాక ఆల్ట్, విండోస్ కీ, ఎస్ కొడితే ఓర్కా వస్తుంది, కొత్త ఇన్‌స్టాలర్‌లో యాక్సెసిబిలిటీ పేజీ కూడా పెట్టారు. అయితే ఎప్పుడు లేచిందో మనమే అంచనా వేసి ఆ కీలు నొక్కాలి. ఫెడోరా వర్క్‌స్టేషన్‌దీ అదే తీరు, ఫెడోరా 42 నుంచి దాని ఇన్‌స్టాలర్ వెబ్ పేజీలా మారింది. ఆర్చ్ అధికారిక ఐఎస్ఓలో మాట్లాడే ఎంపిక మెనూలో రెండోది, కింది బాణం ఒకసారి కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. కానీ అక్కడ ప్రశ్నలడిగి నడిపించేవాళ్లు ఉండరు, ఆదేశాలన్నీ మనమే కొట్టాలి. కమాండ్లు ఇష్టపడేవాళ్లకి పండగ, మిగతావాళ్లకి వద్దు.

అన్నీ అయ్యాక చేసుకోవాల్సిన చిన్న పని ఇంకొకటుంది. ఆన్ చేసిన ప్రతిసారి, ఏ సిస్టమ్ లేవాలో అడిగే గ్రబ్ మెనూ కొన్ని సెకన్లు మౌనంగా ఆగుతుంది. ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్, అందులో గ్రబ్ అనే ఫైలు చివర్లో ‘‘గ్రబ్ ఇనిట్ ట్యూన్’’ (GRUB_INIT_TUNE) అనే వరస హ్యాష్ గుర్తుతో (#) ఆపేసి ఉంటుంది. సుడోతో నానో ఎడిటర్‌లో ఆ ఫైలు తెరిచి, హ్యాష్ తీసేసి దాచి, సుడో అప్‌డేట్ గ్రబ్ (మధ్యలో హైఫన్) కొట్టండి. బీప్ స్పీకర్ ఉన్న మెషీన్ అయితే ఇకనుంచి గ్రబ్ రాగానే చిన్న కూత వినిపిస్తుంది. విండోస్ కూడా పెట్టుకున్నవాళ్లకి కింది బాణం ఎప్పుడు నొక్కాలో ఆ కూతే చెబుతుంది.